చివరి నాలుగు వరుసలు

రెండూ ఇరవైకి జిగణి నుంచి ఫోను వచ్చింది. మూడో గదిలో చల్లబరిచే యంత్రం ఆగిపోయిందట.

నాలుగింటికి మీటింగు. వరూధిని మూడు నెలలు చేసిన పని కొత్త విడుదలలో ఉంటుందో, ఊడుతుందో అక్కడ తేలాలి. ఈ ఫోను ఇప్పుడే రావాలా అనుకుంది.

మహదేవపురలో వాళ్ళది పదిహేను మంది ఉన్న చిన్న ఆఫీసు. వాళ్ళు తయారుచేసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ పేరు ‘నాడి’. యంత్రాలకు తగిలించిన సెన్సర్ల నుంచి అంకెలు చదివి ప్రోగ్రాములకు అందించడం దాని పని. జిగణిలోని టీకాల గోడౌను దాని మీదే నడుస్తోంది. అక్కడ నాలుగు చల్లటి గదులు. వేడి రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిదికి మించకూడదు. యంత్రం ఆగితే, తలుపు తీయకుండా ఉంచితే, గది నలభై నిమిషాలు ఓర్చుకుంటుంది. ఆ తర్వాత లోపలున్న టీకాలన్నీ పారబోయాల్సిందే.

హేమంత్‌కుమార్ కుర్చీ తిప్పి ఆమె వైపు చూశాడు. పదకొండేళ్ళ కిందట నాడిని మొదటి అక్షరం నుంచి రాసినవాడు ఆయనే. ఎక్కడ ఏ తప్పు వచ్చినా అందరూ ఫోను చేసేది ఆయనకే. పంపిన ఫోటో చూసి, కాసేపు కళ్ళు మూసుకుని, ఫలానా చోట చూడండప్పా అనేవాడు. పదింట ఎనిమిదిసార్లు అక్కడే దొరికేది.

“పోయిన వారం అక్కడ ట్రయలుకని పెట్టింది నీ కొత్త కాపీనే కదమ్మా,” అన్నాడు. “తీసేసి పాతది ఎక్కిచ్చేద్దామా?”

గొంతులో కోపం లేదు. అదే ఆమెకు ఎక్కువగా గుచ్చుకుంది.

ఇదంతా మొదలైంది వేసవిలో. అదే గోడౌనులో యంత్రం ఆగితే, షిఫ్టు ఆపరేటరు లింగన్న ఫోటో పంపాడు. గోడౌను వాళ్ళ పద్ధతే అది. తప్పు వచ్చిందంటే స్క్రీనుకు ఎదురుగా ఫోను పట్టుకుని ఒక్క ఫోటో తీయడం, వాట్సాప్‌లో పడేయడం. స్క్రీను మీద మాత్రం నూట నలభై వరుసలు పరుగెత్తిపోతాయి. తప్పు ఎక్కడ పుట్టి, ఏ మెట్లెక్కి వచ్చిందో చెప్పే ఆ జాబితానే స్టాక్ ట్రేస్ అంటారు. నాడిలో అడుగున పుట్టిన తప్పు మీద ప్రతి పొరా తన మాట పేర్చేది. అసలు కారణం ఎప్పుడో పైకి జారి కనబడకుండా పోయేది. ఫోటోలో పడేది ఆఖరి పది వరుసలు. వాటిలో అర్థమయ్యేది ‘కనెక్షన్ తెగింది’ అన్న ఒక్క ముక్క.

హేమంత్‌కుమార్ కేబులు అన్నాడు. గోడౌను మేనేజరు శ్రీనివాసప్ప, కేబులు లాగింది లింగన్నేనని మెమో ఇచ్చాడు. పదకొండు రోజులు వెతికి వరూధిని అసలు సంగతి పట్టుకుంది. సెట్టింగుల ఫైల్లో తమ ఆఫీసు వాళ్ళు నింపాల్సిన ఒక గడి ఖాళీగా ఉంది, అంతే. దాన్ని సరిచేశారు. మెమో ఊసు ఎవరూ ఎత్తలేదు. అయిపోయినదాన్ని తవ్వొద్దన్నాడు హేమంత్‌కుమార్.

అప్పుడు లింగన్న అన్న మాట ఆమెకు ఇంకా చెవిలోనే ఉంది. “స్క్రీను నిండా చీమల బారు ఉండాది మేడమ్. దాంట్లో నా పేరు యాడుండాదో చూపియ్యమనండి.”

పక్కవాళ్ళు కొత్త ఫీచర్లు రాసి చప్పట్లు కొట్టించుకుంటుంటే, ఆమె నాడిలో అసలు కారణం మరుగున పడే చోట్లు వెతికింది. రెండు వందల పన్నెండు తేలాయి. ఒక్కొక్కటే విప్పింది. లోపలి వరుసలన్నీ మడిచి వేరే ఫైల్లో దాచింది. స్క్రీనుకు అట్టడుగున నాలుగే వరుసలు మిగిల్చింది. ఏం ఆగింది, ఎందుకు ఆగింది, ఏ ఫైల్లో ఎన్నో వరుస, ఆ ఫైలు ఎప్పుడు మారింది. స్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషు చాలు చదవడానికి. ఫోటో వంకరగా తీసినా, బొటనవేలు అడ్డం పెట్టినా ఆ నాలుగూ పడి తీరాలి. నాడికి ఒద్దికగా ఏడవడం నేర్పిస్తోందని ఆఫీసులో వెక్కిరించారు.

“పాతది వద్దు సార్,” అంది. “ముందు ఫోటో రానివ్వండి.”

ఐదు నిమిషాలు గడిచాయి. ఫోటో రాలేదు. శ్రీనివాసప్ప ఇంకో ఫోనులో, కేబులు మార్చే మనిషిని అత్తిబెలె నుంచి పిలిపిస్తానంటున్నాడు. ఆ మనిషి రావడానికే గంట పడుతుంది. హేమంత్‌కుమార్ వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి. పాత కాపీ ఎక్కించడానికి ఒక్క నొక్కు చాలు. ఫోను వచ్చి ఎనిమిది నిమిషాలైంది. ఆమె వాట్సాప్ మళ్ళీ తెరిచి చూసింది. లోపం తన కాపీలోనే ఉంటే? రెండు వందల పన్నెండింటిలో ఒక్కచోట తనే పొరపాటు చేసి ఉంటే?

ఫోను మోగింది. లింగన్న. ఆమె స్పీకరులో పెట్టింది.

“ఫోటో తీద్దామనే ఎత్తినా మేడమ్. చూస్తే నాలుగే లైన్లు ఉండాయి. సరే అని నేనే చదివినా.” ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు. “మూడో రూము ఆగిండాది. లో లిమిట్ ఎనిమిది, హై లిమిట్ రెండు. సెట్టింగ్స్ ఫైలు, నలభై ఒకటో లైను. ఈ పొద్దు రెండూ పన్నెండుకు మార్చినారంట.” రెండో వరుస మళ్ళీ చదువుకున్నాడు. “కింద ఎనిమిది, పైన రెండు ఎట్లయితాది మేడమ్? ఎవురో తిరగేసి కొట్టినారు. నేనైతే ఏ కేబులూ ముట్టలే.”

వరూధిని నలభై ఒకటో వరుస తెరిచింది. రెండంకెలూ తారుమారు. సరిచేసింది. లింగన్న మళ్ళీ స్టార్ట్ నొక్కాడు. అవతల యంత్రం గుర్రుమనడం ఫోనులోనే వినిపించింది. ఆగి ఇరవై నిమిషాలు. గదిలో ఆరున్నర డిగ్రీలు. ఒక్క టీకా పాడవలేదు.

మిగిలింది ఒక్కటే. రెండూ పన్నెండుకు ఆ ఫైలు మార్చిందెవరు? అది నాలుగు వరుసల్లో లేదు. ఎవరూ అడగనూ లేదు.

హేమంత్‌కుమార్ కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“నేనే,” అన్నాడు. “కొత్త సరుకు వస్తాది, లిమిట్లు మళ్ళీ కొట్టమని వాళ్ళు అడిగితే, భోంచేస్తానే మార్చినా.” నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “పాత నాడి అయ్యుంటే ఈపొద్దు నేనేమని చెప్పుందును, తెల్సునా?”

“కేబులు,” అంది వరూధిని.

“కేబులే.”

ఆయనే శ్రీనివాసప్పకు ఫోను చేశాడు. కన్నడలో, మెల్లగా, ఈరోజు తప్పు తమదని చెప్పాడు. వేసవిలోదీ తమదేనని చెప్పాడు. మెమో వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం మీద రాసి లింగన్న చేతికివ్వమన్నాడు. అవతలి మనిషి చాలాసేపు తిట్టినట్టున్నాడు. ఈయన విన్నాడు.

నాలుగింటి మీటింగు ఏడు నిమిషాల్లో ముగిసింది. కొత్త విడుదల జాబితాలో అన్నిటికన్నా పైన వరూధిని పని చేరింది. అక్కడ రాయించింది హేమంత్‌కుమారే. ఒక్క షరతు పెట్టాడు. ఫైలు మార్చిన మనిషి పేరు ఐదో వరుసగా రావాలి.

“ఫోటోలో పట్టదేమో సార్.”

“పట్టేటట్టు చెయ్యి. మొదటిసారి నా పేరే పడుతుందంటావా, పడనీ.”

ఐదు దాటాక లింగన్న నుంచి ఫోటో వచ్చింది. ఎప్పటిలాగే వంకరగా, మూలన బొటనవేలితో. ఈసారి తప్పేమీ లేదు. నాలుగు గదులు, నాలుగు పచ్చటి అంకెలు. కింద వాయిస్ మెసేజీ.

“ఇంటికాడ మా ఈరమ్మకు ఫోన్ చేసి చెప్పినా మేడమ్. మిషను ఏం చెప్తాందో ఈపొద్దు మీ ఆయనే చదివినాడని.”

వరూధిని దాన్ని మూడుసార్లు వింది. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని ఐదో వరుస మొదలుపెట్టింది.