పదకొండో రోజు ఉత్తరం

ఆ కాలేజీలో లెక్కల మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు ముప్పావు మాస్టారు. నూటికి డెబ్బై ఐదు హాజరు లేనివాణ్ని ఆయన పరీక్ష హాల్లో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు మరి. జ్వరమొచ్చిందన్నా, ఇంట్లో పెళ్ళన్నా, బస్సు దారిలో చెడిపోయిందన్నా ఒకటే ప్రశ్న: "ముప్పావు ఉందా, లేదా?" తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ప్రిన్సిపాలు చెప్పినా నాలుగో కాలు కనిపించేది కాదు.

ఉన్నది ఎంత కాలేజీ అని! ఆరు గదులు, వెనక ఒక రేకుల షెడ్డు, దాన్నే ల్యాబు అనుకోమనేవాళ్ళు. లైబ్రరీలో పుస్తకాల కన్నా బెంచీలు ఎక్కువ. ఆఫీసులో ఒక గుమాస్తా, ఆయన బల్ల సొరుగులో అచ్చువేసిన కార్డుల కట్ట. ఎవరైనా వరసగా పది రోజులు రాకపోతే పదకొండో రోజున ఇంటికి ఆ కార్డు వెళ్ళేది. చేతి ఫోన్లు లేని రోజులు; పిల్లల సంగతి తల్లిదండ్రులకు తెలియడానికి ఆ కార్డే దిక్కు. మొదటి పీరియడ్ ముప్పావు మాస్టారిది. ఆ పీరియడ్‌లో వచ్చినవాళ్ళకు ఆయన పెట్టిన పీ, రానివాళ్ళకు పెట్టిన ఏ చూసే గుమాస్తా కార్డులు రాసేవాడు. మిగతా లెక్చరర్లు తలకాయలు లెక్కపెట్టే శ్రమ పెట్టుకోలేదు.

అంతకు ముందు సంవత్సరం ఒక కుర్రాడికి డెబ్బై నాలుగు వచ్చింది. కాళ్ళు పట్టుకున్నాడు. మాస్టారు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ఆ కుర్రాడు మళ్ళీ కాలేజీ మొహం చూడలేదు, బస్టాండులో పెట్టెలు మోసే పనిలో చేరాడు. పోనీ మాస్టారిని తిట్టాడా అంటే అదీ లేదు. రోజూ సాయంత్రం భుజాన పెట్టెతోనే "నమస్తే సార్" అనేవాడు. తిట్టినా బాగుండేది. ఆ నమస్తే ఇంటిదాకా వెంటబడి వచ్చేది.

"ఒక్క శాతం కలిపితే మీ సొమ్మేం పోయిందండీ?" అని భార్య అననే అంది. మాస్టారు ఈ ఏడు మాత్రం ఎవరి కడుపూ కొట్టకూడదని లోపల్లోపల ఒట్టు పెట్టుకున్నాడు. పాపం, మంచికే పెట్టుకున్నాడు. మంచితనం కూడా చేతగానివాడి చేతిలో పడితే కత్తేనని ఆయనకు ఎవరు చెప్తారు!

కొత్త విద్యా సంవత్సరం మొదటి రోజున ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తొమ్మిది గంటల ప్రయాణం అవతల, కొండల్లో కడుతున్న ఆనకట్ట దగ్గర క్రేను నడుపుతాడట. తల్లి లేని పిల్ల. మనిషి మాత్రం నవ్వుతూ, నవ్విస్తూ మాట్లాడాడు.

"ఇరవై టన్నుల బండ ఎత్తి దించుతానండీ, ఎప్పుడూ భయం వెయ్యలేదు. దీన్ని ఇక్కడ దింపి వెళ్ళాలంటే కాళ్ళు వణుకుతున్నాయి," అన్నాడు.

"నాన్నా, ఊరుకో!" అని కూతురు మోచేత్తో పొడిచింది.

ప్రిన్సిపాలు కార్డు సంగతి చెప్పాక ఆయన మాస్టారి దగ్గరకొచ్చి మళ్ళీ అడిగాడు. "అంటే మీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదంటే మా అమ్మాయి బాగున్నట్టేగా మాస్టారూ?"

"అంతేనండి. నిశ్చింతగా ఉండండి," అన్నాడు మాస్టారు.

ఆ పిల్ల నంబరు పదిహేడు. క్లాసులో అందరూ నంబర్లే. పదిహేడు అంటే కిటికీ పక్క బెంచీ, సన్నగా గుండ్రంగా రాసే అక్షరాలు, తప్పు చేస్తే నాలిక కరుచుకోవడం. లెక్కల్లో గట్టిదేం కాదు, కానీ విడిచిపెట్టే రకమూ కాదు. ఒక లెక్క మూడుసార్లు తప్పు చేసి నాలుగోసారి సరిగ్గా చేస్తే బెంచీ మీద చిన్నగా దరువేసేది. బజారు వెనక సందులో కుట్టుపని చేసే ఒకావిడ ఇంటి మేడమీద గదిలో అద్దెకుండేది. ఒకసారి మాస్టారు ఆ సందులో పోతూ చూశాడు, పదిహేడో నంబరు పిల్ల చేతుల నిండా కుట్టిన బట్టలు పెట్టుకుని మెట్లు దిగుతోంది. పిల్ల అక్కడ పని చేస్తోందన్నమాట, అనుకున్నాడు. ఆ ఒక్క పూట ఇంటావిడకు చెయ్యి సాయం చేస్తోందేమోనన్న ఆలోచన ఆయనకు రాలేదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక శనివారం, క్లాసు ఖాళీ అయ్యాక పదిహేడు బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. భుజాల చుట్టూ దుప్పటిలాంటి శాలువా.

"సార్, కొన్నాళ్ళు రాలేనండి."

"ఎందుకమ్మా?"

పిల్ల నేల చూసింది. "ఇంటికి కార్డు వెళ్ళకుండా చూస్తారా సార్? నాన్నకు తెలిస్తే చదువు మాన్పించి తీసుకుపోతాడు. ఎలాగోలా పరీక్షలకు వచ్చేస్తాను."

మాస్టారికి బస్టాండు కుర్రాడు గుర్తొచ్చాడు. "పనా?" అన్నాడు మెల్లగా, నాకు తెలుసులే అన్నట్టు.

పదిహేడు ఒక్క క్షణం ఆగింది. "ఆ... పనేనండి," అంది. అని దగ్గింది. ఆగకుండా దగ్గింది. మాస్టారు కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు వంచి ఇచ్చాడు.

"ఈ సుద్దపొడి ఎవర్నీ వదలదమ్మా. నాకూ ఇంతే," అన్నాడు. "సరే, నేను చూసుకుంటాలే. వెళ్ళు."

ఎందుకు, ఏమిటి అని గుచ్చి గుచ్చి అడగకపోవడమే పెద్ద మర్యాద అనుకున్నాడు మహానుభావుడు. ఆ సాయంత్రం బస్టాండు ముందు నుంచి తల ఎత్తుకుని నడిచాడు. ఇంటికి వెళ్ళి భార్యతో కూడా చెప్పాడు. "పోనీలెండి, ఇన్నాళ్ళకు మనిషయ్యారు," అందావిడ.

సోమవారం, ఐదో తారీఖు నుంచి మొదలైంది. పదహారు అని పిలిచాక పద్దెనిమిది అనేవాడు. పదిహేడు ఎదురుగా మాత్రం కలం ఆగకుండా పీ పెట్టేది. పదిహేడు చదువు మానేసిందని, పేరు కొట్టేశారని పిల్లలు అనుకున్నారు. ఒక పిల్ల లేచి అడిగింది కూడా, "సార్, పదిహేడు ఇంక రాదా?" అని. "నీ నంబరు సంగతి నువ్వు చూసుకో," అని కసిరాడు. అంతటితో ఆ మాట అణిగిపోయింది.

వారాలు గడిచాయి. చిన్న పరీక్షలు, పెద్ద పరీక్షల ఫీజులు, షెడ్డులో పగిలిన గాజు గొట్టాల మీద గొడవలు, ఆటల పోటీల్లో ఓడి వచ్చి గెలిచినంత గోల చేసిన కుర్రాళ్ళు. కాలేజీ అన్నాక ఏడాది ఇలాగే దొర్లుతుంది. మధ్యలో ఒక సాయంత్రం మాస్టారు పనిగట్టుకుని ఆ సందులోకి వెళ్ళాడు. మేడమీద దీపం ఉంది. కింద కుట్టుమిషను గడగడలాడుతోంది. పాపం, ఈ వేళకీ పనే, అనుకుని వెనక్కి తిరిగాడు. పన్నెండు మెట్లు. ఎక్కి ఉంటే? ఎక్కలేదు. అంతే, ఇంక దాని గురించి చెప్పుకోవడానికేం లేదు.

పదో వారం దాటి సోమవారం కూడా పీ పెట్టాడు. మంగళవారం హాజరు పిలుస్తున్నాడు. పదహారు అన్నాడు, కలం పదిహేడు గడి మీదికి ఇంకా రాలేదు. గుమ్మంలో ఎవరో ఆడమనిషి నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీసి రావడం మరిచిపోయినట్టుంది. చేతిలో కాలేజీ గుర్తింపు కార్డు.

"ఈ పిల్ల మీ పిల్లేనా అయ్యా?" అంది. "ఆదివారం పొద్దున పోయింది."

క్లాసంతా ఒక్కసారి కిటికీ పక్క బెంచీ వైపు తిరిగింది.

మాస్టారు వరండాలోకి వచ్చాడు. ఆవిడ గోడ పట్టుకుని చెప్పింది. ఊపిరితిత్తులట. రెండు నెలల పైనుంచి మంచం మీదే. సందు చివర మందుల షాపులో సీసాలు తెచ్చి పోశానంది, గంజి కాచి పట్టానంది. నాన్నకు రాశావా అంటే రాశానక్కా, వస్తున్నాడు అనేదట. "పిల్ల రాయకపోయినా కాలేజీ వాళ్ళు రాస్తారు కదా అనుకున్నానయ్యా. ఇన్ని రోజులు పిల్ల రాకపోతే ఊరుకుంటారా అని." శనివారం రక్తం కక్కితే ఆసుపత్రిలో వేశారు. రెండు నెలల ముందు తెస్తే మందులతో లేచి తిరిగేదన్నాడట డాక్టరు.

మాస్టారికి ఆ రోజు బల్ల దగ్గర పిల్లతో అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పని కాదు. అడిగాను, ఆగింది, ఆ ఆగినప్పుడైనా ఇంకొక్క మాట అడగలేదు. నేనే అబద్ధం అందించాను, ఆ పిల్ల ఊరికే అందుకుంది. సుద్దపొడి అన్నాను.

బుధవారం సంతాపసభ అయ్యాక ప్రిన్సిపాలు గదిలోకి పిలిచి తలుపేశాడు. బల్ల మీద హాజరు పట్టీ తెరిచి ఉంది.

"సోమవారం ఒక్కటి సరిచెయ్యండి మాస్టారూ. పోయిన మర్నాడు క్లాసుకు వచ్చినట్టుంటే నలుగురిలో నగుబాటు. మిగతావి అలాగే ఉండనివ్వండి. ఎవరడుగుతారు?"

మాస్టారు సరిచేశాడు. ఆ పది వారాల్లో ఆ పిల్లకు పడిన మొదటి ఏ అది. బతికుండగా పడవలసింది పోయాక పడింది.

గురువారం తండ్రి వచ్చాడు. టెలిగ్రాం అందుకుని సోమవారం దిగాడట, అన్నీ ముగించాడట. గడ్డం మాసి ఉంది. స్టాఫ్ రూములో మాస్టారు ఒక్కడే ఉన్నాడు.

"మా అమ్మాయి కూర్చునే చోటు చూపిస్తారా మాస్టారూ?"

చూపించాడు. తండ్రి బెంచీ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తిరిగి స్టాఫ్ రూముకు వచ్చాక హాజరు పట్టీ చూపించమన్నాడు. పదిహేడో వరస మీద వేలు పెట్టి ఒక్కో పీ దాటుకుంటూ పోయాడు. ఎత్తిన బండ ఎక్కడ దించాలో చూసుకునేవాడి జాగ్రత్త ఆ వేలిలో ఉంది. శనివారం దగ్గర ఆగింది.

"శనివారం దాకా వచ్చింది," అన్నాడు. "నా తల్లి ఒక్క రోజు మానలేదు."

మాస్టారు పట్టీ మూయబోయాడు, తండ్రి వేలు తియ్యలేదు.

"మరి ఆ కుట్టుమనిషి రెండు నెలలు మంచాన పడుందంటుందేంటండీ? మంచాన పడ్డ పిల్ల రోజూ క్లాసుకు ఎలా వస్తుంది? ఆవిడే ఏదో చేసింది. ఏదో పెట్టింది నా బిడ్డకు. ఇప్పుడు డాక్టరు మీద, జబ్బు మీద తోస్తోంది. నేను స్టేషనుకు పోతున్నా. ఈ కాగితానికి నకలు ఇప్పించండి, అదే సాక్ష్యం."

వరండాలో ప్రిన్సిపాలు అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఊరుకుంటే చాలు. ఒక్క నకలు తీసి ఇస్తే చాలు. ఈయనకు శనివారం దాకా నడిచి తిరిగిన కూతురు మిగులుతుంది, కాలేజీకి పరువు మిగులుతుంది, తనకు ఉద్యోగం మిగులుతుంది. గంజి కాచి పోసిన మనిషి స్టేషను బల్ల మీద కూర్చుంటుంది, అంతే కదా.

"ఆవిడ నిజమే చెప్పిందండి," అన్నాడు మాస్టారు. "మీ అమ్మాయి రాలేదు. ఐదో తారీఖు నుంచి ఒక్క రోజు కూడా రాలేదు. ఇవన్నీ నేను పెట్టినవి."

తండ్రికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. శాలువా, దగ్గు, నీళ్ళ గ్లాసు, అన్నీ చెప్పాడు. బస్టాండు కుర్రాడి సంగతి కూడా ఎత్తబోయి మింగేశాడు. అది ఈయనకెందుకు?

ఎగబడి కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. తండ్రి కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

"మా సైటులో టపా సాయంత్రం వస్తుందండీ," అన్నాడు. "రోజూ క్రేను దిగి నేరుగా అక్కడికే పోయేవాణ్ని. కాలేజీ నుంచి నాకేమైనా వచ్చిందా అని అడిగేవాణ్ని. రాలేదంటే ఆ పూట అన్నం సయించేది."

"తప్పు చేశానండి," అన్నాడు మాస్టారు. "చేతులు కాలాక ఏం చెప్పినా..."

"ఆ కార్డు ఎలా ఉంటుంది?"

"ఏంటండీ?"

"పదకొండో రోజు పంపే కార్డు. రాయండి. ఆ రోజు తారీఖు వేసి రాయండి."

మాస్టారు లేచి గుమాస్తా సొరుగులోంచి ఒక కార్డు తెచ్చాడు. మీ కుమార్తె గత పది పనిదినాలుగా తరగతులకు హాజరు కావడం లేదు, దయచేసి వెంటనే వచ్చి కలవగలరు. అచ్చు ఉన్నది అంతే. పైన ఆ పిల్ల పేరు రాశాడు. ఇన్నాళ్ళూ పదిహేడు అన్నాడే కానీ ఆ పేరు తన చేత్తో రాయడం అదే మొదటిసారి. ఐదు నుంచి ఆదివారం తీసేసి వేళ్ళ మీద లెక్కపెట్టి, పదహారో తారీఖు, శుక్రవారం అని వేశాడు.

తండ్రి కార్డు అందుకుని చదివాడు.

"మా దగ్గరికి టపా ఎన్నాళ్ళు పడుతుంది?"

"రెండు రోజులండి. మధ్యలో ఆదివారం."

"అయితే సోమవారం సాయంత్రం అందేది." వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టాడు, క్లాసులో పిల్లల్లాగే. "ఆ రాత్రే బస్సుంది. మంగళవారం పొద్దున్నకు ఇక్కడుండేవాణ్ని. ఇరవయ్యో తారీఖు." తల ఎత్తి మాస్టారి వైపు చూశాడు. "ఇరవయ్యో తారీఖుకు నా బిడ్డ బతికే ఉంది కదండీ?"

"ఉందండి," అన్నాడు మాస్టారు.

తండ్రి కార్డు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కుట్టుపనావిడను ఆసుపత్రిలోనే చూశాను, క్షమాపణ చెప్పుకోవాలి, ఆ సందుకు దారెటు అని అడిగాడు. మాస్టారు చెప్పాడు.