గోడకి చిల్లు

రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, ఊరికీ ఊరికీ ఫోన్లు కలిపే ట్రంకు రూములో ఉన్న పదిహేడేళ్ళూ లోవలక్ష్మి రోజుకి మూడొందల మందితో మాట్లాడేది. "లైన్లో ఉండండి", "మాట్లాడండి", "మూడు నిమిషాలైందండి, పొడిగించమంటారా?" ఇవే మాటలు. అయినా సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. ఇంటికొచ్చి తలుపేసుకుని, ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడక్కర్లేకుండా పడుకోవడం ఆవిడకి ఆ రోజుల్లో పెద్ద సుఖం.

తర్వాత వీధి వీధికీ ఎస్టీడీ బూత్‌లొచ్చాయి. ట్రంకు రూముకి తాళం పడింది. ఆవిడని రావులపాలెం ఎక్స్ఛేంజికి మార్చారు. అక్కడ పనల్లా వచ్చిన కాగితాలకి నంబర్లు వేసి ఫైల్లో పెట్టడం. నలభై ఆరేళ్ళొచ్చేసరికి లోవలక్ష్మికి సుఖమనుకున్నదే మోయలేని బరువైంది. శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తే మళ్ళీ సోమవారం పదింటికి గానీ ఆవిడకి నోరు తెరిచే పని పడేది కాదు.

మొగుడు అదే డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేస్తూ, పెళ్ళైన మూడో ఏడు స్తంభం మీంచి పడి చనిపోయాడు. ఆవిడ ఉద్యోగం ఆయన పోయాక ఇచ్చినదే. పిల్లల్లేరు. తుని దగ్గర అన్నలున్నారు గానీ, వాళ్ళ దగ్గర్నుంచి శుభలేఖలొస్తాయి తప్ప మనుషులు రారు.

ఆవిడ ఉండేది అరటి మార్కెట్టు వెనక వీధిలో అచ్చాయమ్మ గారి మేడ మీద, రెండు గదుల వాటాలో. అచ్చాయమ్మ గారికి డెబ్భై ఏళ్ళుంటాయి. ఊబలంకలో పొలం కౌలుకిచ్చి, కింద ఒక్కతే ఉంటుంది. పొద్దున్న పాల ప్యాకెట్టు దగ్గర్నుంచి రాత్రి గేటు తాళం దాకా ఇంట్లో ప్రతిదీ ఆవిడ కంటి కింద నడవాల్సిందే. అన్నిటికంటే ముఖ్యంగా ట్యాంకులో నీళ్ళు.

ఆ ఏడు వేసవిలో ఒకనాడు లోవలక్ష్మి కుళాయి కట్టడం మర్చిపోయి ఆఫీసుకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి ట్యాంకు ఖాళీ. అచ్చాయమ్మ గారు గేటు దగ్గరే నిలబెట్టి, వీధిలో లారీకి అరటి గెలలు ఎక్కిస్తున్న జట్టు వాళ్ళంతా వింటూండగా, "ఒక్క మనిషికి ఇన్ని నీళ్ళేంటమ్మా? సంసారం ఉన్నవాళ్ళకే అక్కర్లేదు!" అంది.

నీళ్ళ సంగతి లోవలక్ష్మి మర్చిపోయింది. 'సంసారం ఉన్నవాళ్ళకే' అన్న మాట మాత్రం అలా ఉండిపోయింది. ఆ రోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. మెట్ల మీద ఎదురైతే ఒకరు గోడ వైపు, ఒకరు వీధి వైపు చూస్తూ తప్పుకునేవారు. అలా ఏడు నెలలైంది.

మార్గశిరంలో చలి మొదలయ్యేసరికి ఆవిడకి మోకాళ్ళు, వేళ్ళ కణుపులు పట్టేశాయి. వేణ్ణీళ్ళు పోసుకోమన్నాడు డాక్టరు. స్టవ్ మీద కాచిన గిన్నె ఎత్తబోతే చేతులు సహకరించలేదు. కరెంటు హీటరు పెడదామంటే పొద్దున్నే కోత. అందుకని రాజమండ్రి వెళ్ళి గ్యాస్ గీజరు కొనుక్కొచ్చింది. బిగించడానికి షాపు వాళ్ళు కడియం నుంచి బుజ్జిబాబు అనే మెకానిక్కుని పంపారు. యాభై ఏళ్ళ మనిషి. సైకిలు దిగి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి పైకొచ్చాడు.

బాత్రూము తలుపు తీసి చూసి అక్కడే ఆగిపోయాడు. నాలుగడుగులకి అయిదడుగుల గది. పైన జానెడు వెంటిలేటరు. పక్క మేడ మీద కాలేజీ కుర్రాళ్ళు దిగారని దానికి లోవలక్ష్మి అట్టముక్క అడ్డంపెట్టి మేకులు కొట్టించింది.

"ఇందులో పెట్టనండి," అన్నాడు బుజ్జిబాబు.

"అదేంటండి, నేను కొన్నదే ఇందులోకి కదా!"

"ఆయ్, నిజమేనండి. కానీ ఇది మంటండి మేడం గారూ. మంటకి గాలి కావాలి. మూసిన గదిలో పెడితే ఉన్న గాలంతా అదే లాగేస్తుంది. గాలి చాలని మంటలోంచి విషగాలి పుడుతుందండి. గ్యాసు లీకైతే ముక్కుకి తెలుస్తుంది. దీనికి రంగుండదు, వాసనుండదు. మగతగా ఉంటుంది, అంతే. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి కాబట్టి హాయిగా ఉందనుకుంటారు."

అతను గోడ తట్టి చూశాడు. ఆ గోడవతల చిన్న వరండా, దాని మీద రేకు ఉన్నాయి. "గీజరు, గ్యాసు బండ రెండూ ఈ వరండాలో పెట్టేద్దామండి. గోడకి చిన్న చిల్లు పెట్టి వేణ్ణీళ్ళ గొట్టం ఒక్కటే లోపలికి తెస్తాను. పొగా, వేడీ బయటికి పోతాయి. ఓనరు గారిని ఒక్క మాట అడిగి రండి. అరగంటలో అయిపోతుంది."

లోవలక్ష్మి మెట్ల దాకా వెళ్ళింది. కింద అచ్చాయమ్మ గారు చేటలో మినుములు పోసుకుని రాళ్ళేరుతోంది. తల ఎత్తలేదు. లోవలక్ష్మి మూడు మెట్లు దిగి నిలబడింది. ఏడు నెలల తర్వాత నోరు విప్పి అడిగే మొదటి మాట 'మీ గోడకి చిల్లు పెట్టుకోనా' అనా? గొంతు దాకా వచ్చింది. పైకి రాలేదు. వెనక్కి తిరిగి ఎక్కేసింది.

"వాళ్ళు ఒప్పుకోలేదండి," అని చెప్పింది.

బుజ్జిబాబు గీజరుని మళ్ళీ పెట్టెలో పెట్టి, పురికొస కట్టాడు. "ఒప్పుకున్నాక కబురు చెయ్యండి. షాపులో నా పేరు చెప్తే చాలు. ఇంకెవరి చేతా లోపల పెట్టించకండి, ఆయ్." మెట్లు దిగబోతూ మళ్ళీ వెనక్కి తిరిగి ఆ మాటే ఇంకోసారి చెప్పాడు.

పెట్టె వారం రోజులు మంచం పక్కన ఉంది. ఆ వారంలో చలి ఎక్కువైంది. పొద్దున్నే చల్లటి నీళ్ళు మోకాళ్ళ మీద పడితే కళ్ళమ్మట నీళ్ళు తిరిగేవి. చివరికి బస్టాండు దగ్గర స్టవ్‌లు బాగుచేసే ఆయన్ని పిలుచుకొచ్చింది. అతను ఏమీ అడగలేదు. బాత్రూములో కుళాయి పైన రెండు మేకులు కొట్టి గీజరు తగిలించేశాడు. వంటింట్లోంచి గ్యాసు గొట్టం తలుపు కింద నుంచి లాగి, టీ తాగి వెళ్ళిపోయాడు.

కుళాయి తిప్పితే లోపల టకటకమని, భగ్గున నీలం మంట. అర నిమిషంలో పొగలు కక్కే నీళ్ళు. మొదటిరోజు లోవలక్ష్మి రెండు బకెట్లు పోసుకుని, పీట మీద అలాగే కూర్చుండిపోయింది. ఒంటిని ఎవరో ప్రేమగా తాకినట్టనిపించింది. ఆ ఆలోచనకి తనకే సిగ్గేసింది.

నాలుగోరోజు నుంచి తలనొప్పి. పొద్దున్న స్నానం కాగానే మొదలై, ఆఫీసుకెళ్ళాక పదకొండింటికి తగ్గేది. చలికి సైనస్ అనుకుంది. ఓ రోజు వాంతయింది. రాత్రి తిన్న పెసరట్టు పడలేదనుకుంది. ఎవరికైనా చెప్పుకుంటే కదా, ఇది ఫలానా దానివల్ల అని వాళ్ళు అనడానికి!

ఆదివారం తలంటుకుందామని ఎక్కువసేపు కూర్చుంది. పాల ప్యాకెట్టు తీసుకుని, వీధి తలుపు గడియ వెయ్యకుండా దగ్గరగా వేసి, బాత్రూము గడియ మాత్రం వేసుకుంది. ఖాళీ ఇంట్లో ఎవరు చూస్తారని? అలవాటు. మొదటి బకెట్టు అయింది. రెండోది నిండుతూండగా కుంకుడు నురగ కడుక్కుందామని లేవబోతే కాళ్ళు తనవి కానట్టు మడతపడిపోయాయి. గోడకి జారి కూర్చుంది. అప్పుడు తెలిసింది. బుజ్జిబాబు చెప్పినది ఒక్కో మాటా గుర్తొచ్చింది. గడియ తియ్యాలి, అంతే. చెయ్యి ఎత్తాననుకుంది. చూస్తే అది ఒళ్ళోనే ఉంది.

అంత మగతలోనూ ఆవిడ బుర్ర ఒక లెక్క వేసింది. ఈరోజు ఆదివారం. రేపు పదింటికి ఆఫీసు. పదకొండుకి ఎవరైనా, లోవలక్ష్మి గారు రాలేదేంటి అంటారు. సెలవనుకుంటారు. మంగళవారం కూడా అనుకుంటారు. తన కోసం తలుపు కొట్టే మొదటి మనిషి ఎవరో ఎంత వెతికినా దొరకలేదు. చావంటే భయం కన్నా అదే ఎక్కువ బాధ పెట్టింది. బకెట్టు నిండి పొర్లుతున్న చప్పుడు దూరంగా, ఏదో కాలవ పారుతున్నట్టు వినిపిస్తోంది.

ఆ నీళ్ళు గొట్టంలోంచి కింద పెరట్లో పడుతున్నాయి. అచ్చాయమ్మ గారు తులసికోట దగ్గర ముగ్గేస్తూ చూసింది. అయిదు నిమిషాలు ఓపిక పట్టింది. పది నిమిషాలు పట్టింది. పొగలు కక్కుతూ పడుతూనే ఉన్నాయి. ముగ్గు చిప్ప అక్కడే పెట్టి, ఏడు నెలల కోపమూ కూడగట్టుకుని, రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కింది.

"ఏమమ్మా! ట్యాంకు నీ ఒక్కదానికేనా?" అని వీధి తలుపు తోసింది. బాత్రూము తలుపు కొట్టింది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. "లోవలక్ష్మీ!" అంది. మళ్ళీ కొట్టింది. తర్వాత వరండాలోకి పరిగెత్తి, వీధిలోకి వంగి, గొంతు పగిలేలా అరిచింది.

ఎదురింటి భీమరాజు వచ్చి భుజంతో కొడితే రెండో దెబ్బకి గడియ ఊడింది. అచ్చాయమ్మ గారు అతన్ని వెనక్కి నెట్టి, తాను ముందు వెళ్ళి, దండెం మీది దుప్పటి చుట్టాకే రమ్మంది. ఇద్దరూ కలిసి ఈడ్చుకొచ్చి వరండాలో పడుకోబెట్టారు. భీమరాజు వంటింట్లోకి వెళ్ళి బండ కట్టేసి, కిటికీలన్నీ తెరిచాడు.

లోవలక్ష్మికి మెలకువ వచ్చేసరికి నర్సింగ్ హోములో ఉంది. ముక్కు మీద ఆక్సిజన్ గొట్టం. తల బద్దలైపోతోంది. మంచం పక్కన నర్సు కాగితం పట్టుకుని, "పేషెంటు తాలూకు ఎవరండి?" అని అడుగుతోంది.

"నేనే," అంది అచ్చాయమ్మ గారు. "ఏమవుతారు?" అంటే, "మా మేడ మీద ఉంటుంది. అదే రాసుకో," అంది.

ఇంకో పావుగంట ఆలస్యమైతే ఏమీ చెయ్యలేకపోయేవాళ్ళమన్నాడు డాక్టరు. దీపాలు పెట్టే వేళకి అచ్చాయమ్మ గారే అడిగింది.

"అంతకుముందు వచ్చినాయన వరండాలో పెడతానన్నాడటగా. భీమరాజు చెప్పాడు. సైకిలెక్కుతూ అతనితో అన్నాట్ట. నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఒప్పుకోరనుకున్నానండి."

"అడిగావా?"

లోవలక్ష్మి దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"గోడేమైనా నాతో వస్తుందటే?" అంది అచ్చాయమ్మ గారు. "ఆ రోజు నేనన్న మాట కూడా అనకూడనిది. అన్నాక తెలిసింది. కానీ ఎలా వెనక్కి తీసుకుంటాం?"

అచ్చాయమ్మ గారు షాపుకి కబురు చేస్తే మూడోరోజు బుజ్జిబాబు వచ్చాడు. జరిగింది విని తల పట్టుకున్నాడు. కొత్తలో తానూ ఒకరింట్లో ఇలాగే లోపల బిగించాననీ, ఓ పెద్దాయన్ని మోసుకొచ్చి బయట పడుకోబెట్టడం కళ్ళారా చూశాననీ, అప్పట్నుంచీ ఎంతమంది తిట్టినా పెట్టననీ చెప్పాడు. చిల్లు అచ్చాయమ్మ గారే దగ్గరుండి పెట్టించింది. గీజరూ బండా వరండాలోకి వచ్చాయి. తలుపు కింద నుంచి లాగిన పాత గ్యాసు గొట్టం తీసేసి కొత్తది వేశాడు. అతుకుల మీద సబ్బునీళ్ళు రాసి, బుడగలు రావట్లేదని ఇద్దరికీ చూపించాడు. వెంటిలేటరుకి అట్ట పీకేసి, లోపలికి కనపడకుండా వాలు రేకులు బిగించాడు.

"బకెట్టు నింపుకుని, కుళాయి కట్టేసి, అప్పుడు పోసుకోండి. స్నానమవ్వగానే బండ కట్టెయ్యండి. మంట పసుపుగా కనిపిస్తే ఆపేసి నన్ను పిలవండి. లోపల గడియ వద్దండి." పనిముట్లు సంచిలో సర్దుకుంటూ, "ఒక్కరే ఉంటారు కాబట్టి, వెళ్ళే ముందు ఎవరికైనా చెప్పి వెళ్ళండి," అన్నాడు.

ఆ రోజు నుంచీ ఆరున్నరకి లోవలక్ష్మి రైలింగు దగ్గరకొచ్చి, "స్నానానికి వెళ్తున్నానండీ," అనేది. కింద నుంచి, "ఆఁ," అని వినిపించేది. అయ్యాక, "అయిందండీ." మళ్ళీ, "ఆఁ." వాళ్ళేమీ ప్రాణస్నేహితులైపోలేదు. మెట్ల మీద ఎదురైతే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచేది కాదు. ఆదివారాలు అలాగే పొడుగ్గా ఉండేవి.

మాఘంలో అచ్చాయమ్మ గారు చెల్లెలికి కళ్ళ ఆపరేషనని పిఠాపురం వెళ్ళింది. రిక్షా ఎక్కుతూ, "పది రోజులుండను. ఎవరికి చెప్తావు?" అంది. "చూస్తాను లెండి," అంది లోవలక్ష్మి.

మర్నాడు తువ్వాలు భుజాన వేసుకుని రైలింగు దగ్గర నిలబడితే, కింద పెరడు ఊడ్చకుండా ఉంది. భీమరాజు ఇంటికి తాళం. ఆవిడ లోపలికొచ్చి ఫోను దగ్గర కూర్చుంది. ఎక్స్ఛేంజిలో పొద్దుటి డ్యూటీ సత్యశ్రీది. కొత్తగా చేరిన అమ్మాయి, ఆఫీసులో రెండుసార్లు పెన్ను అడిగింది, అంతే పరిచయం. మూడుసార్లు రిసీవరు తీసి పెట్టేసింది. ఇన్నేళ్ళూ అందరినీ కలిపిన మనిషికి తన కోసం ఒక నంబరు తిప్పడం ఇంత కష్టమని తెలీదు. నాలుగోసారి తిప్పింది.

"సత్యశ్రీ, నేనమ్మా, లోవలక్ష్మిని. నవ్వకు. నేను స్నానానికి వెళ్తున్నాను. పావుగంటలో నీకు మళ్ళీ ఫోను రాకపోతే మా ఇంటికి ఎవరినైనా పంపిస్తావా? తలుపు గడియ వెయ్యను."

అవతల కాగితాలు కదిలిన చప్పుడు.

"మీ ఇల్లు ఎక్కడండి? రాసుకుంటాను," అంది సత్యశ్రీ.

లోవలక్ష్మి చెప్పింది. మార్కెట్టు వెనక వీధి, మేడ మీద, వరండాకి రేకు ఉంటుంది అని. తర్వాత వెళ్ళి బకెట్టు నింపుకుని, కుళాయి కట్టేసి, నిదానంగా పోసుకుని, బండ కట్టేసి వచ్చి, తడి చేత్తోనే మళ్ళీ నంబరు తిప్పింది. మొదటి రింగుకే ఎత్తింది ఆ అమ్మాయి.

"అయిందమ్మా."

"హమ్మయ్య. రేపు కూడా నా డ్యూటీయేనండి. చెయ్యండి."

"చేస్తాను," అంది లోవలక్ష్మి. పెట్టెయ్యాలని ఉన్నా పెట్టలేదు. "టిఫినయిందా నీకు?" అని అడిగింది.