ఇనాం డ్రమ్ము

ఉగాది ముందు రోజు రాయచూరు శివారులోని తన షెడ్డులో వెంకోబరావు పనివాళ్లయిన ఆడవాళ్లందరికీ తలా ఒక నీలి డ్రమ్ము ఇనాం ఇచ్చాడు. ఏటా ఇస్తాడు. కుంకుమ బొట్టు పెట్టి, ఫోటో దిగి మరీ ఇస్తాడు. కూలి పెంచమంటే మొహం చిట్లించేవాడు ఆ ఒక్కరోజు ధర్మరాజు అవుతాడు. కార్మిక సంఘం పని మీద గేటు దగ్గరున్న నేను కమలమ్మను చూశాను. డ్రమ్ము నెత్తిన పెట్టుకొని సంబరంగా ఇంటికి పోతోంది.

కార్మికులారా, విద్యార్థులారా, ఆ డ్రమ్ములు ఎక్కడివో వినండి. రసాయనాల కంపెనీల నుంచి లారీల్లో వస్తాయి. ముందు వాటి మీది పుర్రె బొమ్మ కాగితాన్ని కత్తితో గీకాలి. తర్వాత బట్టల సోడా నీళ్లతో కడిగి ఎండబెట్టాలి. నల్లా ఎప్పుడొస్తుందో తెలియని వాడలన్నీ నీళ్లకు ఆ డ్రమ్ములే కొంటాయి. ఇత్తడి బిందెలు పాత సామాన్లవాడికి ఎప్పుడో పోయాయి. కడిగే ఆడవాళ్లు తాగేదీ ఆ నీళ్లే. మన చేత్తో కడిగినవే కదా అని వాళ్ల నమ్మకం.

కమలమ్మకు మొగుడు లేడు. ఉన్నది డిగ్రీ చదువుతున్న కూతురు మేఘ ఒక్కతే. ఉగాది అవగానే ఆ పిల్లకు పట్టిన జ్వరం తగ్గలేదు. చిగుళ్ల నుంచి నెత్తురు కారింది, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు లేచాయి. పెద్దాసుపత్రిలో బ్లడ్ క్యాన్సర్ అన్నారు.

"డ్రమ్ముల వల్లే వచ్చిందని ఒట్టేసి చెప్పలేను," అంది డాక్టరమ్మ. "కానీ కొన్ని రసాయనాలు కడిగినా పోవు. ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి ఉండిపోతాయి. కొన్నిటితో ఇలాంటి జబ్బుల ముప్పు పెరుగుతుంది. మీ డ్రమ్ముల్లో ఏ రసాయనం ఉండేది?"

ఆ పేరును రోజూ గీకి పారేసింది కమలమ్మ చెయ్యే.

మర్నాడు షెడ్డులో కత్తి కింద పెట్టేసింది. "సావుకారీ, ఈ డ్రమ్ములల్ల ఏముండె? పేర్లు చెప్పు. మా అందరి నెత్తురు పరీక్ష చేయించు."

"నీ బిడ్డ నసీబు బాగలేకుంటె నా డ్రమ్మేం జేసిందే? పో, రేపటి సంది పనికి రాకు," అన్నాడు వెంకోబరావు.

ఇన్నేళ్లు పక్కన కూర్చుని గీకిన జయాబాయి కూడా తల దించుకుంది. సాయంత్రం సంఘం తరఫున వాడలో మీటింగు పెట్టాం. పెద్ద రచ్చయింది.

"షెడ్డు బందైతె పిల్లలకేం పెట్టాలె?" అని జయాబాయే లేచింది.

"నడిస్తె విషం పెడ్తున్నం గద," అన్నాను.

"మస్తు మాట్లాడుతవ్. కూలి నువ్విస్తవా?"

ఏదీ తేలకుండానే అందరూ లేచిపోయారు.

అప్పట్నుంచి కమలమ్మ ఒంటరిదైంది. జబ్బు అంటుకుంటుందని కొందరు, సావుకారి కంట్లో పడతామని కొందరు పలకరింపు మానేశారు. రసాయనాల పేర్లు చెప్పమంటూ రోజూ పొద్దున్నే షెడ్డు గేటు ముందు ఇనాం డ్రమ్ము బోర్లించి దాని పక్కన కూర్చునేది. తోటివాళ్లు ఆమెను దాటుకుంటూ లోపలికి పోయేవాళ్లు. ఒక్కరూ ఆగలేదు.

మధ్యాహ్నం ఆసుపత్రికి పోతే మేఘ అడిగేది, "అమ్మా, ఇయ్యాలన్న నీ పక్కన కూసునేతందుకు ఎవరన్న వచ్చిన్రా?"

"వస్తరు బిడ్డా," అనేది కమలమ్మ.

వానలు పడకముందే మేఘ చనిపోయింది. చావుకు మాత్రం అందరూ వచ్చారు. శవానికి చేయించే స్నానానికి జయాబాయి కడవతో నీళ్లు తెచ్చింది.

"యాడివి?" అని అడిగింది కమలమ్మ.

"మా ఇంట్లవే."

"దేంట్ల పట్టినవి?"

జయాబాయి కడవ కింద పెట్టేసింది.

"డ్రమ్ము నీళ్లు నా బిడ్డ మీద పొయ్యనియ్య. వేరే నీళ్లు తెండ్రి."

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వేరే నీళ్లు ఏ ఇంట్లోనూ లేవు. చచ్చిన పిల్లకు పనికిరాని నీళ్లనే బతికున్న పిల్లలకు తాగిస్తున్నారు. నేను ఎన్ని మీటింగులు పెట్టినా దిగని మాట అప్పుడు దిగింది. దుకాణంలో క్యాన్ కొందామని ఎవరో అన్నారు.

"కొనుడెందుకు?" జయాబాయి ఏడుస్తూనే అరిచింది. "మనకు డ్రమ్ములిచ్చి, సావుకారి ఆఫీసుల క్యాన్ నీళ్లు తాగుతడు. ఆ నీళ్లే తెద్దాం. నడువుండ్రి!"

వాడ వాడంతా నీలి డ్రమ్ములు దొర్లించుకుంటూ షెడ్డుకు కదిలింది. శవం దగ్గర కమలమ్మ మళ్లీ ఒక్కతే మిగిలింది. చాలాసేపటికి షెడ్డు వాచ్‌మన్ హంపయ్య ఆఫీసు క్యాన్ భుజాన పెట్టుకొని వచ్చాడు.

"వాళ్లేరీ?" అంది కమలమ్మ.

"లారీకి అడ్డం కూసున్నరక్కా. పుర్రె బొమ్మ కాగితాలున్న డ్రమ్ములొచ్చినయి. గీకం, డాక్టర్లు వచ్చి చూసేదాంక కదలనియ్యం అంటున్నరు. జయాబాయిని పోలీసులు పట్కపోయిన్రు."

కమలమ్మ బిడ్డకు స్నానం చేయించింది. వంగి చెవిలో చెప్పింది, "వచ్చిన్రు బిడ్డా."

షెడ్డు దగ్గర్నుంచి తిరిగొచ్చిన మగవాళ్ల భుజాల మీద పాడె శ్మశానం దారి పట్టింది. వీధి చివరి దాకా నడిచి ఆగిపోయింది కమలమ్మ. వెనక్కి తిరిగితే ఖాళీ ఇల్లు. ఆ ఇంట్లోకి పోలేక తడి చీరతోనే షెడ్డుకు వచ్చింది. లారీ ముందు ఆడవాళ్లు జరిగి, జయాబాయి లేచిన చోట ఆమెను కూర్చోబెట్టుకున్నారు.

ఎస్సై లాఠీతో డ్రమ్ము మీద కొట్టాడు. "ఏముందమ్మా వీటిల్లో, ఇంత గొడవ చేస్తున్నారు?"

కమలమ్మ తలెత్తింది. "గదే సారూ, మేమడుగుతున్నం."

"గదే మేమడుగుతున్నం!" అంది వాడంతా. లాఠీలు లేచాయి. ఒక్కరూ లేవలేదు.