పోయినవి మూడు

స్పిన్నింగ్ మిల్లు స్టోరు మెట్ల మీంచి గుమాస్తా కండెలక్కను నెట్టేయడం, ఎదురుగా నా కొట్టులో కూర్చుని చూశాను. ఆమె అడిగింది ఒకటే: "పొట్లం సంగతి కాదయ్యా, కిలో ఎంత పడుతుందో చెప్పు."

మిల్లులో నూలు కండెలు మార్చేది కనుక అందరికీ ఆమె కండెలక్క.

జీతంలో సగం కూపన్లే. అవి మిల్లు స్టోరులోనే చెల్లుతాయి. పావుకిలో బియ్యం పొట్లం రెండు కూపన్లు. చవగ్గా కనిపిస్తుంది. నాలుగు పొట్లాలు కలిపితే కిలో ఎనిమిది. మేస్త్రీలు బస్తా మొత్తంగా కొంటే అదే కిలో అయిదు. అయిదుకు అమ్మినా లాభమేనని నాకు తెలుసు. నేనూ బియ్యమే అమ్ముతాను.

యంత్రాల హోరులో మాట వినిపించదు కాబట్టి మిల్లులో వేళ్లతో మాట్లాడుకుంటారు. కండెలక్క ఎనిమిది వేళ్లు చూపేది. తర్వాత అయిదు. తర్వాత మూడు. పోయినవి మూడు.

లెక్క తెలిసినా బస్తాకు సరిపడా కూపన్లు ఎవరి దగ్గరున్నాయి? పొట్లాలే కొన్నారు. కండెలక్క కూపన్లు మాత్రం నెలాఖరు దాకా వచ్చేవి. ఎలాగే అంటే నవ్వేది. ఒక మధ్యాహ్నం యంత్రం పక్కనే కూలిపోయింది, మళ్లీ లేవలేదు. టిఫిన్ డబ్బా తెరిస్తే మెతుకు అంటిన జాడ లేదు.

"మిల్లులో తింటానత్తా అనేది," అంది ఆమె అత్త, గదినిండా చేరిన మా అందరికీ ఆ డబ్బా చూపిస్తూ.

మిల్లులో నూలు చుట్టే రీలింగ్ పిన్ని లేచింది. "దాని సంగతి సరే. కూపన్లు సరిపెట్టడానికి మీరేం మానేస్తున్నారు?"

"పొద్దుటి తిండి," అంది ఒకతె.

"నాదీ ఖాళీ డబ్బానే," అంది ఇంకొకతె.

"నేను బీడీలు మానేశా," అన్నాడు ఫిట్టరు.

"అబ్బో, త్యాగమూర్తి! మీ ఆవిడేం మానేసిందో అడిగావా?" అంది పిన్ని.



ఆ యంత్రం దగ్గర నిలబడటానికి ఎవరూ ఒప్పుకోలేదు. దూదిధూళిలో మూడు వేళ్లు కనిపించాయని ఒకతె ఏడిస్తే ఎవరూ నవ్వలేదు. వాళ్లకూ కనిపించాయి.

జీతాల రోజు కూపన్లన్నీ పిన్ని కొంగులో పోశారు.

"బస్తాలివ్వు, కిలో అయిదు లెక్కన."

"కూపన్లు కలపకూడదు. బస్తా ఒకే ఇంటివాళ్లు కొనాలి," అన్నాడు గుమాస్తా.

"మాది ఒకటే ఇల్లు."

"ఇంతమందా? ఎవరిల్లే?"

"కండెలక్కది."

గుమాస్తా పొమ్మన్నా ఎవరూ కదల్లేదు. పోలీసులొచ్చారు. "నోళ్లు ముయ్యండి!"

మూశారు. చేతులు లేచాయి. ఎనిమిది. అయిదు. మూడు. పిన్నిని మణికట్లు పట్టి ఈడ్చుకెళ్లారు. వ్యాను తలుపు పడేదాకా ఆ మూడు వేళ్లు ముడుచుకోలేదు.

స్టోరు మూతపడితే బేరాలు నాకే వస్తాయి. ఆ లెక్క వేసుకోలేదంటే అబద్ధం. కానీ ఆమె డబ్బా నా కళ్లముందు నుంచి పోలేదు. గల్లాపెట్టె మీద ఉండాల్సిన నా చెయ్యి కూడా మూడు వేళ్లతో గాల్లోనే ఉంది.

మర్నాడు మిల్లు ఆగింది. హోరు లేదు, గుసగుసలాడినా వినిపిస్తుంది. అయినా గేటు ముందు ఒక్కరూ నోరు విప్పలేదు, మూడు వేళ్లే ఎత్తారు. మేనేజరు మేడమీంచి అరిచాడు: "ఎవర్రా మీకు ఈ లెక్క నేర్పింది?"

అన్ని చేతులూ అతని వెనకున్న కిటికీ వైపు, దాని అవతల ఎవరూ నిలబడని ఆ యంత్రం వైపు తిరిగాయి. మేనేజరు వెనక్కి చూడలేకపోయాడు.