జోంగాకు పాయింట్లు తీసేసిన రోజు

జనగామలో పొద్దున ఆరున్నరకు బయలుదేరిన రహీం, హనుమకొండలో ఒకసారి, పరకాలలో ఒకసారి బస్సు మారి రేగొండలో దిగేసరికి పదిన్నర దాటింది. మోకాళ్లు పట్టేశాయి. అరవై ఏడేళ్ల మనిషి, చేతిలో పనిముట్ల సంచి. తండాకు పోయే ఆటో నిండేదాకా కిరాణా కొట్టు మెట్టు మీద కూర్చున్నాడు.

"రానని చెప్పరాదు? ఎన్నేండ్లని తిరుగుతరు?" అని పొద్దున ఇంటి దగ్గర భార్య మున్నవర్ బేగం అడిగింది.

"మూడుసార్లు రానని చెప్పిన. ఇగ చెప్పలేను," అన్నాడు.

బాగుచేయాల్సిన బండి తుల్సీబాయిది. మిలిటరీ వేలంలో ఆమె భర్త చత్రు కొన్న పాత జోంగా జీపు, ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజను. చత్రు పోయాక ఆమే నడుపుతోంది. మిరప కోతల కాలంలో చేలకు కూలీలను తీసుకుపోతుంది. వానల్లో వాగు పొంగితే తండా నుంచి దవాఖానకు పోవడానికి ఆ ఎత్తయిన బండే దిక్కు.

పాతకాలపు ఇంజను కాబట్టి దానికి పాయింట్లుండేవి. ఆ రెండు చిన్న లోహపు ముక్కలు విడిపడినప్పుడల్లా ఒక్కో సిలిండరుకు నిప్పురవ్వ అందుతుంది. వాటి మధ్య సందు ఇంతే ఉండాలని లెక్క. ఆ సందును నంబర్లున్న సన్నటి ఉక్కు రేకులతో కొలుస్తారు. ఆ పని చేతనైనవాళ్లు ఇప్పుడు ఎక్కువ మంది లేరు. అందుకే ఆషాఢంలో కూడా తుల్సీబాయి రహీంనే పిలిపించింది. అతను పాయింట్లు సర్ది, సందు పెట్టి, ఇంజను చప్పుడు విని, బాగుందని చెప్పి వెళ్లాడు.

మూడు వారాల తర్వాత ఫోన్ వచ్చింది. నొప్పులు పడుతున్న రాజీ అనే పిల్లను దవాఖానకు తీసుకుపోతుంటే బండి వాగు మధ్యలో ఆగిపోయింది. మంచం మీద ఒడ్డుకు మోశారు. బిడ్డ ఆ గట్టు మీదే పుట్టింది. బిడ్డ బాగానే ఉంది కానీ, రాజీకి నెత్తురు చాలా పోయి పదకొండు రోజులు వరంగల్ దవాఖానలో ఉంది.

"బండి ఆగింది అన్నా," అని జరిగింది చెప్పింది తుల్సీబాయి. ఒక్క మాట కూడా నిష్ఠూరమాడలేదు.

ఫోన్ పెట్టేశాక రహీం సంచిలోంచి రేకులు తీశాడు. జోంగాకు వాడినదానికి ఇంకా గ్రీజు అంటుకునే ఉంది. "దీని మీద ఎంతుందో చూడు," అని భార్యకిచ్చాడు. ఆమె అద్దాలు పెట్టుకుని, "పన్నెండు," అంది. ఇరవై ఉండాలి. అప్పటి నుంచి తిండి కూడా ఏదో అలవాటుకు తింటున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు సంచిలో తువ్వాలకు చుట్టి తెచ్చింది ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. పాయింట్ల బదులు ఒక చిన్న అయస్కాంతపు చక్రం, దాన్ని పసిగట్టే డబ్బా. సందు పెట్టే పనే ఉండదు.

తండాలో వేప చెట్టు కింద జోంగా బానెట్ తెరిచి ఉంది. తుల్సీబాయి చాయ్ ఇచ్చింది. మనిషి బాగా చిక్కిపోయింది. రహీం డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, మాడిపోయిన పాయింట్లు తీసి జేబులో వేసుకున్నాడు. చేతులకు ఆ పని తెలుసు కాబట్టి కళ్లతో అవసరం పడలేదు. డబ్బా బిగించాడు, చక్రం తొడిగాడు, రెండు వైర్లు కలిపాడు.

"సెల్ఫు కొట్టు చెల్లె."

ఇంజను అందుకుంది. ఆమె తాళంచెవి వదలగానే ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అంతే. ఆరోసారికి స్టీరింగు మీద తల వాల్చేసింది. రహీం టైరుకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

తర్వాత అతనికి తట్టింది. కాయిల్‌కు ముందున్న తెల్లటి పింగాణీ ముక్క కరెంటును తగ్గించి పంపుతుంది. కొత్త డబ్బాకు వైరు దాని తర్వాత కలిపాడు. దానికేమో నిండు కరెంటు కావాలి. నిజమో కాదో చూడాలంటే కరెంటు కొలిచే మీటరు చదవాలి. ఆమె చేతికిచ్చాడు.

"ఏడు," అంది తుల్సీబాయి. కరెంటు సగమే అందుతోందన్నమాట. ఆమె అతని మొహంలోకి చూసింది. "గింత పెద్ద అంకెలు గూడ కనిపిస్తలేవా అన్నా?"

రహీం చేతులు తుడుచుకున్నాడు. "ఆషాఢంల గూడ కనిపియ్యలే చెల్లె. ఇరవై రేకు పెట్టాల్నంటే పన్నెండు పెట్టిన. పాయింట్లు మాడిపోయినయ్. వాగుల బండి ఆగింది గందుకే."

ఆమె మీటరును బానెట్ మీద పెట్టింది.

"అయితే నా తోలుడు తప్పు గాదా?"

"నీదెందుకైతది?"

"వాగుల క్లచ్చు తొక్కి నేనే ఆపిన్నన్నరు. ఆడిది తోల్తే గిట్లనే ఐతదన్నరు. రాజీ అత్తయితే నా మొకమే చూస్తలేదు. నేను గూడ నాదే తప్పనుకున్న. రెండు నెలల సంది, అన్నా." గొంతు పెంచలేదు. "ఫోన్ల ఒక్క మాట చెప్పకపోతివి."

"సిగ్గయింది."

"ఎవ్వలకు చెప్పినవ్ గిది?"

"నీకే."

"రాజీ ఇంటికి వచ్చి చెప్పు."

"పని ఒడగొట్టినంక వస్త."

వైరు ఎక్కడ కోయాలో అతను చెప్పాడు, ఆమె కోసింది. తాళం దగ్గరి నుంచి నేరుగా డబ్బాకు కలిపింది. ఈసారి ఇంజను అందుకుని ఆగలేదు. ఆరు సిలిండర్లూ ఒక్క తీరున నడుస్తున్నాయి. నలభై ఏళ్లుగా చెవితో వెతుక్కున్న చప్పుడు అది. రహీంకు సంతోషం కలగలేదు, కాస్త తేలికపడ్డాడంతే.

రాజీ గడప దగ్గర కూర్చుని బిడ్డను పడుకోబెడుతోంది. ఇంకా పాలిపోయే ఉంది. అత్త గోడవారన నిలబడి వింది. రహీం తలవంచుకుని చెప్పిందంతా విన్నాక రాజీ అంది:

"చెప్పినవ్ గద కాకా, ఇగ పో. నాకు ఎవ్వల మీద కోపానికొచ్చే ఓపిక గూడ లేదు."

అత్త లోపలికి వెళ్లిపోయింది.

రేగొండ దాకా తుల్సీబాయే జోంగాలో దింపింది. పరకాల బస్సు కిటికీ పక్క సీట్లో కూర్చోగానే రహీంకు నిద్ర పట్టేసింది.

డిసెంబరులో కంటి ఆపరేషన్ అయింది. పని మానేశాడు. మిరప కోతలప్పుడు తుల్సీబాయి ఫోన్ చేసింది, బండి ఒక్కపూట కూడా ఆగలేదని.

"రాజీ అత్త మాట్లాడ్తాందా?" అని అడిగాడు.

"యాడ అన్నా! ఇంక లేదు," అంది. "కాని కూలికి మా బండిలనే వస్తాంది. ఎన్క సీట్ల కూసుంటది."