కదపరాదు

“ఎడం చెయ్యి ఖాళీగానే ఉందిగా, దుప్పటి ఆ కొస పట్టుకో,” అంది అత్తగారు, కోడలు ఆస్పత్రి నుంచి వచ్చి చెప్పులైనా విడవకముందే. తడి దుప్పటి పిండటానికి ఒక చెయ్యి చాలదని ముప్పై ఏళ్లు బట్టలు పిండిన మనిషికి తెలియదా? తెలుసు. మెడకు వేలాడుతున్న ఆ కుడిచెయ్యి కూడా సాయానికి వస్తుందనీ తెలుసు. చెయ్యి విరిగిన కొత్తలో అలాగే వచ్చింది. కట్టు వేసిన చేత్తోనే ఇంటెడు చాకిరీ లాగింది కోడలు. ఎముక అతుక్కోలేదు.

దాంతో ఈసారి చెయ్యి కోసి, లోహపు పట్టీ బిగించి, ఎముకల మధ్య సందులో తెల్లటి కృత్రిమ ఎముక గుళికలు నింపారు. అవి ఆమె పనిచేసే ఫ్యాక్టరీలో తయారైనవే. కొలిమిలోంచి వచ్చినవాటిని జల్లించి, పరిమాణం చూసేది ఆమే. వాటి సన్నటి రంధ్రాల్లోకి మన ఎముక మెల్లగా పాకి, వాటి చోట తాను పెరగాలి. అందుకు చెయ్యి కదలకుండా ఉండాలి. ఆ ఇంట్లో దొరకనిది సరిగ్గా అదే.

ఈ పూట ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రేలో వదులైన స్క్రూ చూపించి, “ఏం ఎత్తావమ్మా?” అని అడిగింది. ఆమె నోరు తెరిచేలోగా భర్తే అందుకున్నాడు. “అబ్బే, పూచికపుల్ల కూడా ఎత్తనివ్వమండీ!” “ఇంకో ఆరు వారాలు. ఈసారి కదిలిందా, ఈ చేతి మీద ఆశ వదులుకోవాల్సిందే,” అంది డాక్టరమ్మ. బస్సులో భర్త నవ్వాడు. “మీ కంపెనీ సరుకేగా! నువ్వు చేసింది నీకే అతుక్కోకపోతే ఇంకెవరికి అతుక్కుంటుంది?”

ఈ చెయ్యే పోతే, జల్లెడ పట్టలేని మనిషిని పనిలో ఎవరుంచుకుంటారు? బయట గడిపే ఆ ఎనిమిది గంటలూ పోతే, తెల్లారింది మొదలు ఈ గోడలే. ఆమెకు చచ్చేంత భయమేసింది.

ఫ్యాక్టరీలో ప్రతి ట్రేకీ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఎర్ర అట్ట కట్టి ఉంచుతారు. ఒకసారి చీపురుకు అడ్డమొస్తోందని ఆమె ఒక ట్రేని జానెడు పక్కకు జరిపింది. సూపర్‌వైజరు కడిగి పారేశాడు. ఆ అట్ట మీద ఆమె చేత సంతకం పెట్టించి, ట్రేలో సరుకంతా పారబోయించాడు. గుళికలకైనా అడిగే దిక్కుంది, తనకు లేదు.

ఆమె దుప్పటి పట్టుకోలేదు. కుర్చీలో కూలబడి, సంచిలో మిగిలిపోయిన ఎర్ర అట్ట ఒకటి తీసి, దారం పంటితో బిగించి కుడిచేతికి కట్టుకుంది.

“ఏంటీ వేషాలు?” అంటూ భర్త వంగి చదివాడు. “ఫలితం వచ్చేవరకు కదపరాదు. కదిపినవారి సంతకం...” కింద గీత ఖాళీగా ఉంది.

“నీళ్లు కారిపోతున్నాయి, వస్తావా రావా?” అని కేకేసింది అత్తగారు.

ఆమె భర్తకు పెన్ను అందించింది.

“కదపాలంటే అక్కడ సంతకం పెట్టండి. డాక్టరమ్మకి చూపించాలి.”