రెండేసి మాటలు

అక్క కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. పదిహేనేళ్ళుగా అదే పని. నాలుగేళ్ళ నుంచి మాత్రం భోజన విరామంలో దుకాణం వెనక గదిలో కూర్చుని నవల రాస్తోంది. అధ్యాయానికొక ఫైలు చొప్పున ముప్పైనాలుగు ఫైళ్ళు. ఏది ఎక్కడుందో వెతుక్కోవడానికే సగం విరామం అయిపోయేది.

ఆ మాట తమ్ముడి ముందు అనడమే ఆమె చేసిన పొరపాటు.

తమ్ముడు ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేస్తాడు. "నవలలు రాసేవాళ్ళకి వేరే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయక్కా. నువ్వింకా రాతియుగంలో ఉన్నావ్" అని నవ్వి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళాడు. ఆదివారం పొద్దున్నే తెచ్చి బల్లమీద పెట్టాడు. ఎడమవైపు అధ్యాయాల వరస, కుడివైపు పాత్రల వివరాలు, పైన ఆ రోజు ఎన్ని మాటలు రాసిందీ చూపించే పచ్చ గీత.

"తప్పులు కూడా అదే దిద్దేసింది. పద్దెనిమిది వందల పైమాటే! అన్నీ ఒక్క నొక్కుతో ఒప్పేసుకున్నా" అన్నాడు గర్వంగా.

అక్క మొదటి అధ్యాయం తెరిచింది. 'వాన టప కురుస్తోంది' అని ఉంది. నవ్వొచ్చింది. తర్వాతి పుటలో పిల్ల చక నడిచి వెళ్ళింది. గాజులు గల మోగాయి. ఆమె నవ్వు ఆగిపోయింది. గబుక్కున ఏడో అధ్యాయానికి వెళ్ళింది.

ఏడో అధ్యాయంలో తల్లి ఉంది. నవలలో ఆమెకు వేరే ఊరు, వేరే ఇల్లు ఇచ్చింది గానీ, ఆమె మాట మాత్రం వాళ్ళ అమ్మదే. పక్షవాతం వచ్చాక అమ్మ ప్రతి వాక్యంలో చివరి మాట రెండుసార్లు అనేది. 'అన్నం తిను తిను. కిటికీ వెయ్యి వెయ్యి.' ఆ మూడేళ్ళూ ఇల్లంతా ఆ రెండేసి మాటలే. అమ్మ పోయాక అక్క రాయడం మొదలుపెట్టింది వాటి కోసమే.

ఇప్పుడు తెరమీద ఆ తల్లి, 'అన్నం తిను. కిటికీ వెయ్యి' అంటోంది. ఎవరో పరాయి మనిషిలా, చక్కగా, శుభ్రంగా.

"నా పాత ఫైళ్ళేవి?"

"తీసేశా. రెండు చోట్ల ఉంటే గందరగోళం కదా."

"మొత్తం తీసేశావా?"

"కొత్తదాంట్లో అన్నీ ఉన్నాయక్కా! ఏమైందిప్పుడు?"

ఆమె ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది. "చదువు. పైకి చదువు."

అతను రెండు వాక్యాలు చదివి తలెత్తాడు. "బాగానే ఉందిగా. ఇంతకు ముందు ఒకే మాట రెండేసిసార్లు ఉండేది. చదివేవాళ్ళకి విసుగు కదా?"

అక్క కుర్చీ వెనక్కి పడేలా లేచింది.

"విసుగా? నీకు విసుగు! అమ్మ గదిలో పట్టుమని పది నిమిషాలు కూర్చున్నావా ఎప్పుడైనా? గుమ్మంలో నిలబడి, ఫోను చూసుకుని, వెళ్ళిపోయేవాడివి. ఏదో యంత్రం, దానికి తెలీదు సరే. నీకేమైందిరా? ఆవిడ గొంతు నీకు తప్పులా కనబడిందా?"

తమ్ముడి మొహంలో రంగు మారింది. "అది... అమ్మా?" అన్నాడు.

"లే. బయటికి నడు."

వెళ్ళాడు. ఆమె కోపం మాత్రం వెళ్ళలేదు. వారం రోజులు దుకాణంలో అద్దాలు అరగదీస్తూ పళ్ళు కూడా కొరికింది. రెండు అద్దాలు పగిలాయి. చెరిపేసిన ఫైళ్ళు వెనక్కి రావని తమ్ముడే ఫోన్ చేసి, తడబడుతూ చెప్పాడు. మరో నాలుగు సాఫ్ట్‌వేర్ల పేర్లు కూడా పంపాడు. అతని ముఖం చూసి కాదు, రాయాలి కనుక అక్క వాటిని తెరిచింది.

ఏ సౌకర్యాలున్నాయో చదవలేదు. ఒక్కోదాంట్లో ఒకటే వాక్యం కొట్టింది: 'నీళ్ళు తాగు తాగు.' మొదటిది రెండో 'తాగు' కింద ఎర్ర గీత గీసింది. అక్క దాన్ని తీసిపారేసింది. రెండోది అడక్కుండానే చెరిపేసింది. దాన్ని తిట్టి మరీ తీసేసింది. మూడోది 'ఇంకా ఆకర్షణీయంగా రాయనా?' అని అడిగింది. "నీ మొహం!" అంది, గదిలో ఎవరూ లేకపోయినా. నాలుగోది వట్టి తెల్లటి పుట. పక్కన అధ్యాయాల పట్టిక, అంతే. అది ఏమీ అనలేదు. దాన్ని ఉంచుకుంది.

మళ్ళీ మొదటినుంచి కూర్చుంది. ప్రతి వాక్యం పైకి చదివి, అమ్మ ఎక్కడ ఆగేదో, ఏ మాట మళ్ళీ అనేదో విని, చేత్తో పెట్టింది. రెండు నెలలు పట్టింది. చాలావరకు దొరికాయి. కొన్నిచోట్ల ఎంత విన్నా గొంతు వినబడలేదు. అప్పుడల్లా కోపం మళ్ళీ మొదటి రోజంత వేడిగా లేచేది.

ఒక ఆదివారం తమ్ముడు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె తల తిప్పలేదు.

"అక్కా, ఒకటి నాకు తెలుసు" అన్నాడు. "నేనిలా నిలబడితే, 'అప్పుడే వెళ్తావా వెళ్తావా' అనేది. ప్రతిసారీ."

అక్క చేతులు ఆగాయి. ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. అది అతనొక్కడితో అన్న మాట.

పదకొండో అధ్యాయం తెరిచి, నవలలోని కొడుకు వెళ్ళిపోయే చోట ఆ మాట పెట్టింది. కూర్చోమనలేదు. క్షమించాననీ అనలేదు.

"ఇంకా ఏమనేది?" అని అడిగింది, తెర మీంచి కళ్ళు తీయకుండా.